దేవుడి పేరు మీద మానేసిన అన్నం

ఆ రోజు మా అంగన్‌వాడీలో పిల్లల బరువులు చూసే రోజు. ఓర్వకల్లు దగ్గర ఒక పల్లెలో నేను అంగన్‌వాడీ టీచరును. పదమూడేళ్ళుగా ఇదే పని. తల్లులు గోడవారగా కూర్చుని ఉన్నారు. రెండేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తి తూకంలో కూర్చోబెట్టబోతే నా చేతులు లేవలేదు. వాడేం బరువైన పిల్లవాడు కాదు, వయసుకు తగ్గ బరువు కూడా లేడు. గోడ మీద వేసిన కూరగాయల బొమ్మలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు కనపడ్డాయి. పిల్లవాణ్ణి వాళ్ళమ్మ ఒళ్ళోకి జార్చి నేను అక్కడే కూలబడ్డాను.

టీకాల కోసం ఏఎన్ఎం సిస్టర్ ఆ రోజు అక్కడే ఉంది. నా కింది రెప్ప లాగి చూసింది. వేలికి సూది గుచ్చి హిమోగ్లోబిన్ చూసింది.

"టీచరమ్మా, ఏడుకి తక్కువుంటే పెద్దాసుపత్రికి పోవల్లని గర్భిణులకి నువ్వే చెప్తావు గదా. నీదీ అంతే ఉండాది. తింటాండావా లేదా?"

ఉపవాసంలో ఉన్నానన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఏడాదిగా ఆ ఒక్క మాటతోనే అందరి నోళ్ళూ మూయిస్తున్నాను.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్తాను. నేను ఎన్ని కిలోలు ఉండేదాన్ని, ఎన్ని తగ్గాను అన్నది ఇందులో రాయను. ఇలాంటివి చదివేటప్పుడు నేను మిగతా కథంతా వదిలేసి ఆ అంకెల కోసమే వెతికేదాన్ని.

మొదలైంది మా తమ్ముడి పెళ్ళిలో. మా పుట్టిల్లు కమలాపురం. పెళ్ళి ఫొటో తీసేటప్పుడు ఫొటోగ్రాఫరు నన్ను చూసి, "కొంచెం పక్కకి జరుగమ్మా, నీ ఎనకాల ఇద్దరు కనపల్లేదు" అన్నాడు. అతను నవ్వించడానికి అనలేదు. పనిలో భాగంగా అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఊరికి తిరిగొచ్చిన వారానికే ఫోన్‌లో ఒక డైట్ గ్రూపులో చేరాను. అన్నం మానేశాను, సంగటి మానేశాను, పొద్దున జీలకర్ర నీళ్ళు, రాత్రి కీరకాయ ముక్కలు. మూడుసార్లు తగ్గాను, నాలుగుసార్లు పెరిగాను. గర్భిణుల కోసం ఇచ్చిన తూకం మా కేంద్రంలోనే ఉండేది. పిల్లలు రాకముందే వెళ్ళి, తలుపు గడియ పెట్టి, చెప్పులు విడిచి దాని మీద నిలబడేదాన్ని. ఆ అంకెను బట్టి ఆ రోజు నేను మంచిదాన్నో చెడ్డదాన్నో తేలిపోయేది. తర్వాత తలుపు తీసి, వచ్చిన తల్లులకు గుడ్లు పంచుతూ బాగా తినండమ్మా అని చెప్పేదాన్ని. దీపం కిందే చీకటంటారు గదా.

ఇంట్లో మాత్రం సాకులు అయిపోయాయి. మా ఆయన ప్రసాద్ కర్నూలులో మోటారు వైండింగ్ షాపులో పని చేస్తాడు. నిదానస్తుడు. అయినా కంచం ముందు రోజూ గొడవే. అప్పుడు శ్రమల దినాలు వచ్చాయి.

మా చర్చిలో ఈస్టరుకు ముందు నలభై రోజులు చాలామంది ఉపవాసం ఉంటారు. పొద్దంతా ఏమీ ముట్టరు. సాయంత్రం ప్రార్థన అయ్యాక గంజో, అన్నమో తింటారు. ఆ నలభై రోజులు ఎందుకు తినడం లేదని ఎవరూ అడగరు. పైగా గౌరవిస్తారు. నాకు అంతకంటే ఏం కావాలి? చర్చిలో ఇంటికెళ్ళి తింటానని చెప్పేదాన్ని. ఇంట్లో చర్చిలోనే గంజి తాగానని చెప్పేదాన్ని. మూడో వారం పాస్టరయ్య నన్ను నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నారు. ప్రభువు నాకు ఆకలి తీసేశాడని చెప్పాను. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. నేను ప్రార్థన చేయలేదని కాదు. చేశాను. కానీ పొద్దున లేస్తూనే గుర్తొచ్చేది దేవుడు కాదు, తూకం.

ఈస్టరు వెళ్ళింది గానీ నా ఉపవాసాలు వెళ్ళలేదు. ఆడవాళ్ళు ప్రార్థన చీటీలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. కొడుకు ఉద్యోగానికి ఒకరు, మొగుడి తాగుడు మాన్పమని ఒకరు. ఒక్కో చీటీకి నేను ఒక్కో రోజు అన్నం మానేదాన్ని. మా వీధిలోనే ఉండే మార్తమ్మక్క అందరికంటే ఎక్కువ నమ్మింది. ఆమె కోడలికి అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి నిలబడాలని వారానికి రెండు రోజులు నన్ను ఉపవాసం ఉండమంది. బిడ్డ క్షేమంగా పుట్టింది. ఆడపిల్ల. దానికి సుగుణ అనే నా పేరు కలిపి సుగుణ కీర్తి అని పెట్టుకున్నారు. నాకు సిగ్గు వేయలేదు. ఇంకో ఏడాదికి సరిపడా సాకు దొరికిందనిపించింది.

సిస్టర్ రక్తం చూసింది ఆ తర్వాతి ఏడాది శ్రమల దినాల్లో. అప్పటికి దువ్వెన నిండా వెంట్రుకలు వస్తున్నాయి. నాలుగు నెలలుగా నెలసరి లేదు. ఎండలు మండుతుంటే నాకు చలి. ఆమె ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకోలేదు. అవి వేసుకుంటే ఆకలి పెరుగుతుందని ఎవరో అనగా విన్నాను.

ఈస్టరు రోజు చర్చిలో విందు. అందరూ చూస్తుంటే తప్పలేదు, మటనూ అన్నమూ తిన్నాను. రెండు గంటలకల్లా కుడి డొక్క కింద నొప్పి లేచి వీపులోకి పాకింది. తిన్నందుకు శిక్ష పడిందనుకున్నాను, నిజంగానే. ప్రసాద్ ఆటో మాట్లాడి కర్నూలు తీసుకెళ్ళాడు. అల్ట్రాసౌండ్ తీశారు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు, దానికి వాపు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, పొటాషియం తక్కువుందన్నారు.

సర్జన్ ఒక మేడం. రిపోర్టులు చూసి, ఈ మధ్య తొందరగా బరువు తగ్గారా అని అడిగింది. నాకంటే ముందు ప్రసాదే జవాబిచ్చాడు. ఉపవాస ప్రార్థనలు చేస్తుంది మేడం, ఊరందరి కోసం చేస్తుంది అన్నాడు, కొంచెం గొప్పగానే. ఆమె అతన్ని బయట కూర్చోమంది. తలుపు మూసుకున్నాక నా వైపు తిరిగింది.

"ఉపవాసం లేని రోజు ఏం తింటారమ్మా?"

అలాంటి రోజు చివరిసారి ఎప్పుడొచ్చిందో గుర్తు రాలేదు.

అలా కడుపు మాడ్చుకుని వేగంగా తగ్గినవాళ్ళలో ఈ రాళ్ళు రావడం మామూలేనని చెప్పింది. గాల్‌బ్లాడర్ తీసేయాలి, కానీ ఈ రక్తంతో అనస్తీషియా ఇవ్వలేమంది. వాపుకు యాంటీబయాటిక్స్, రక్తానికి ఐరన్ ఇంజెక్షన్లు. ఆరు వారాలు నూనె తక్కువ వేసుకుని మూడు పూటలా తిని రమ్మంది. అదే ఆసుపత్రిలో సైకియాట్రిస్టు దగ్గరికి కూడా రాసింది. మతి చెడినవాళ్ళు వెళ్ళే చోటికి నన్నెందుకు పంపుతున్నారని ఏడ్చాను. ఆ డాక్టరు పెద్దాయన, మెల్లగా మాట్లాడతాడు.

"దీన్ని ఈటింగ్ డిసార్డర్ అంటారమ్మా. సన్నంగా ఉండే కాలేజీ పిల్లలకే వస్తాదనుకోవద్దు. లావుగా ఉండే వాళ్ళకి గూడా వస్తాది. వాళ్ళని చూసి మాత్రం అందరూ మెచ్చుకుంటారు, అంతే తేడా."

వినడానికి బాగానే ఉంది. ఇంటికొచ్చాక మళ్ళీ పాత పాటే. ప్రసాద్ ఉడికించి పెట్టిన గుడ్లు కొంగులో చుట్టి పెరట్లో కుక్కకు వేసేదాన్ని. మూడు వారాలకు రక్తం చూస్తే ఐరన్ సూదుల వల్ల పెరిగింది కాస్త మాత్రమే. ఆపరేషన్ వెనక్కి పోయింది. నొప్పి ఇంకో రెండుసార్లు వచ్చింది.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి కీర్తన బడి నుంచి వచ్చి పడుకోవడం మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి. ఎండకేమోననుకున్నాను. మూడో రోజు చూస్తే పెదాలు ఎండిపోయి ఉన్నాయి, పొద్దున నేను కలిపి పెట్టిన బొరుగుల ఉగ్గాని గిన్నెలో అట్లాగే ఉంది. బళ్ళో అన్నం తిన్నావా అని అడిగితే లేదంది. ఎందుకు తినలేదంటే గోడ వైపు తిరిగింది.

"నీకి ఆపరేషన్ కావల్లని ఉపవాసముండా మా. నువ్వు అందరి కోసం ఉంటివి గదా. నీ కోసం ఎవురూ లేరు."

ఇన్నేళ్ళలో నేను పడ్డ నొప్పులన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. దాని పక్కన కూర్చుని చెప్పేశాను. నేను ఉన్నది ఉపవాసం కాదు పాపా, లావైతానని తినలేదు, దేవుడి పేరు చెప్పుకున్నాను అన్నాను. మార్తమ్మవ్వ కోసం ఉన్నదీ అంతేనా అని అడిగింది. అదీ అంతే అన్నాను. కీర్తన లేచి కూర్చుంది.

"అందరూ నేను నీ మాదిరే ఉండానంటారు గదా మా. అయితే నేను గూడా లావుండానా?"

నా నడుమే దానిది, నా చేతులే దానివి. నన్ను నేను తిట్టుకున్న ప్రతి మాటా ఇన్నాళ్ళూ దానికి కూడా తగులుతోందని నాకు అప్పుడు తెలిసింది. నోటితో ఏం చెప్పినా అబద్ధంలాగే ఉంటుంది. లేచి వెళ్ళి సంగటీ పప్పూ రెండు కంచాల్లో పెట్టుకొచ్చాను. ముందు నేను తిన్నాను. ప్రతి ముద్దకూ భయం వేసింది, ఏడుపు వచ్చింది, అయినా కంచం ఖాళీ చేశాను. నా చేయి చూస్తూ చూస్తూ అది కూడా తిన్నది.

మరుసటి రోజు మార్తమ్మక్క ఇంటికి వెళ్ళాను. చెప్పకపోయినా నడిచిపోయేది. కానీ కీర్తనకు నిజం చెప్పి ఆమెకు అబద్ధం మిగల్చడం నా వల్ల కాలేదు. ఆమె మనవరాలికి నీళ్ళు పోస్తోంది. మొత్తం విన్నది. ఆ బిడ్డ కోసం ఒక్క రోజైనా నిజంగా మొక్కినావా అని అడిగింది. మొదట్లో మొక్కాను, తర్వాత రోజులు లెక్క పెట్టుకున్నానని చెప్పాను.

"ఇప్పుడేం చేయల్ల, పేరు మార్చుకోవల్లా?" అంది. ఆ తర్వాత ఐదు నెలలు నాతో మాట్లాడలేదు. తప్పు ఆమెది కాదు. ఇప్పుడు మాట్లాడుతోంది గానీ చీటీలు మాత్రం ఇవ్వదు.

ఆరు వారాలనుకున్నది పన్నెండు వారాలైంది. రక్తం పెరిగాక ల్యాప్రోస్కోపీ చేశారు. మూడు చిన్న గాట్లు, రెండు రోజుల్లో ఇల్లు. ఇక్కడితో అయిపోయిందని రాయాలనే ఉంది, కానీ అవలేదు. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు ఏం తినాలో, ఏం తినకూడదో ఒక కాగితం ఇచ్చారు. నేను దాన్ని మూడు నెలలు పట్టుకుని కూర్చున్నాను. నూనె వద్దు, శెనక్కాయలు వద్దు, డాక్టరు వద్దన్నారు అని అందరికీ అదే చూపించేదాన్ని. దేవుడు పోయి డాక్టరు వచ్చాడు, అంతే. సైకియాట్రిస్టు ఆ కాగితం అడిగి తీసుకుని, మీద ఉన్న తేదీ చూపించి, మడిచి తన సొరుగులో పెట్టుకున్నాడు. తిట్టలేదు. వచ్చేసారి కీర్తనను కూడా తీసుకురమ్మన్నాడు.

ఇదంతా జరిగి రెండేళ్ళయింది. జాకెట్లన్నిటికీ కుట్లు విప్పించుకున్నాను. చాలామంది మళ్ళీ ఒళ్ళు చేశావే అంటారు. అవునక్కా అంటాను. ఇంకా మాట పెంచే ఓపిక లేదు. జుట్టు పూర్తిగా రాలేదు. ఆకలి అనేది మళ్ళీ తెలియడానికే ఏడెనిమిది నెలలు పట్టింది. అంగన్‌వాడీలో గర్భిణుల తూకం ఆయా దగ్గర తాళం వేసి ఉంటుంది. తల్లుల బరువు ఆమె చూసి చెప్తుంది, నేను రాసుకుంటాను. నా ఒళ్ళంటే నాకు ప్రేమ పుట్టిందని అబద్ధం చెప్పను. ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటే మెలిగినట్టు దాంతో మెలుగుతున్నాను. టైముకు అన్నం పెడతాను, అలిసిపోతే పడుకోనిస్తాను, తిట్టను. కొన్ని రోజులు అది కూడా కష్టంగానే ఉంటుంది. ఈ ఏడాది శ్రమల దినాల్లో పాస్టరయ్యకు ముందే చెప్పాను, నేను మూడు పూటలా తిని ప్రార్థనకు వస్తానని. ఆయన సరేనన్నారు.

చదివేవాళ్ళలో నాలాంటి వాళ్ళుంటే ఒక్కటే చెప్పగలను. ఎందుకు తినడం లేదో ఇంట్లో ఒక్కరికైనా నిజం చెప్పండి. ఉపవాసమనీ, పని తొందరనీ, ఎసిడిటీ అనీ చెప్పొద్దు. చెప్పాక, మంచి రోజైనా చెడ్డ రోజైనా, ఆ మనిషి ఎదురుగా కూర్చుని తినండి. ఒంటరిగా తింటే మనల్ని మనం మోసం చేసుకోవడం సులువు.

నేను కీర్తన ఎదురుగా తిన్నాను. రెండేళ్ళూ అది నా కంచం వైపే చూసేది. నేను మొదటి ముద్ద మింగేదాకా తను చేయి పెట్టేది కాదు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పోయిన నెల ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి అది కాలేజీ నుంచి ముందే వచ్చేసి ఉంది. రొట్టె చుట్టుకుని, శెనక్కాయల పొడి అద్దుకుని, ఫోన్ చూసుకుంటూ తింటోంది. నేను గడప దగ్గర నిలబడ్డాను. తలెత్తి, వచ్చినావా మా అంది, మళ్ళీ తినడంలో పడింది. నేను తిన్నానో లేదో అడగలేదు.