ఆయన తల పట్టుకుని చేసిన పడవ ప్రయాణం

అప్పటికి నేను కాపురానికి వచ్చి ఏడాది తిరగలేదు. మండపేట దగ్గర పల్లెలో మాది వ్యవసాయపు కుటుంబం. ఆ రోజుల్లో కొత్తకోడలు పెద్దవాళ్ళ ఎదుట భర్తతో మాట్లాడేది కాదు. పగలు ఆయన వసారాలోకి వస్తే నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

ఒక ఉదయం ఆయన గడ్డిమేటు పైన తాటాకులు సర్దుతూ జారి, తలకిందులుగా నేలమీద పడ్డారు. పాలేళ్ళు లేవదీయబోతే, "మెడ ముట్టుకోకండి. చేతులు తిమ్మిరెక్కిపోతున్నాయి" అన్నారు. పక్కింటాయన మెడ లాగి సరిచేస్తానన్నాడు గాని మావగారు ఒప్పుకోలేదు. మండపేటలో దెబ్బలకు కట్లు కట్టే డ్రెసరుగారి కోసం బండి పంపారు. బండి తిరిగి వచ్చేదాకా అత్తగారు కొడుకు ముఖాన ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టుకుని నిలబడే ఉంది.

డ్రెసరుగారు వచ్చి, "కాలి వేళ్ళు ఆడించండి బాబూ" అన్నారు. వేళ్ళు కదిలాయి. డ్రెసరుగారి ముఖం కాస్త తేటపడింది.

"మంచిదే. అయినా ఇది నావల్లయ్యే పని కాదండి. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బండి కుదుపులు పనికిరావు, పడవలో వెళ్ళండి. దారి పొడుగునా ఎవరో ఒకరు తల కదలకుండా పట్టుకోవాలండి."

వీధి తలుపు ఊడదీసి, నలుగురూ ఒక్కసారిగా ఎత్తి, ఆయన్ని దానిమీద పడుకోబెట్టారు. కాలవలో పడవ సిద్ధమైంది. మొదట అత్తగారే తల పట్టుకుంది. ఏడుపు ఆపుకుంటున్నా ఆవిడ చేతులు వణుకుతూనే ఉన్నాయి.

"నావల్ల కాదు. నువ్వు రా అమ్మాయ్" అంది.

నేను మావగారి వైపు చూశాను. ఆయన పడవ ముందు కొసకు వెళ్ళి, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. ధవళేశ్వరం దాకా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. అది కోపం కాదని, నేను సిగ్గుపడకుండా ఉండడానికేనని తరవాత తెలిసింది.

మా ఆయన తల వెనక కూర్చుని, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, రెండు అరచేతులతో చెవుల దగ్గర పట్టుకున్నాను. గట్టుమీద మనుషులు తాడు లాగుతుంటే పడవ మెల్లగా కదిలింది. ఆయన కళ్ళు తెరిస్తే కనబడేది నా ముఖమే, అదీ తలకిందులుగా. చాలాసేపు చూశారు.

"నీ గడ్డం కింద పుట్టుమచ్చ ఉందేంటి?" అన్నారు.

"మాట్లాడకండి. మెడ కదులుతుంది" అన్నాను. అత్తగారు వింటుండగా ఆయనతో నేనన్న మొదటి మాట అదే.

"దాని మాట విను" అంది అత్తగారు.

మధ్యాహ్నం ఆవిడ పెరుగన్నం కలిపి నాకు ముద్దలు పెట్టింది. నా చేతులు రెండూ ఖాళీగా లేవు కదా. జారిపోయిన నా పమిట కూడా ఆవిడే సర్దింది. ఆయన అది చూసి, "నాకో ముద్ద" అన్నారు.

"పడుకుని మింగితే పొలమారుతుంది నాయనా. డాక్టరుగారిని అడిగాక పెడతాను."

కాలవ లాకుల్లో పడవను పైకి లేపడానికి నీళ్ళు నింపేటప్పుడు పడవ గోడకు తగిలి ఊగింది. నేను మోచేతులు మోకాళ్ళకు ఇంకా గట్టిగా అదిమాను. నా చేతుల్లో ఆయన తల మాత్రం కదలలేదు. "భయపడకు" అన్నారాయన, నాకు మాత్రమే వినబడేలా.

పొద్దువాలేవేళకు రాజమండ్రి చేరాం. డాక్టరుగారు వేళ్ళతో మెడంతా తడిమి, చేతులూ కాళ్ళూ పరీక్షించి, ఎముక కొంచెం పక్కకు జరిగిందని, దారిలో తల పక్కకు కదిలి ఉంటే మనిషి దక్కడం కష్టమయ్యేదని చెప్పారు. అది విని మావగారు అక్కడే గోడకు చేరగిలబడ్డారు. తలకు రెండు పక్కలా ఇసక సంచులు పెట్టి చాలా వారాలు పడుకోబెట్టారు. అన్నాళ్ళూ అత్తగారూ నేనూ అక్కడే ఉన్నాం. డాక్టరుగారు సరేనన్నాక, మెత్తగా పిసికిన అన్నం ఆవిడ కొడుక్కి కొంచెం కొంచెంగా తినిపించేది.

ఆయనకు తిమ్మిరి తగ్గింది, లేచి తిరిగారు, మళ్ళీ పొలం పనులు చేయించుకున్నారు. మెడ మాత్రం ఎడమకు తిరిగేది కాదు. నేను ఆ పక్కనుంచి వస్తే మనిషంతా తిరిగి చూడాల్సి వచ్చేది. మావగారు కూర్చుని ఉన్నా సరే, ఆయన నిండుగా నా వైపు తిరిగి "ఏంటి?" అని అడిగేవారు. నేనూ లోపలికి పారిపోకుండా జవాబు చెప్పేదాన్ని.