సన్నాయి పీకకు అంటిన నెత్తురు

పుత్తూరులో ఒక పెళ్ళికి సన్నాయి వాయించి, పీక తీసి చూస్తే దాని కొసన నెత్తురు ఉంది. డెబ్బైల చివరి మాట. అప్పుడు నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. మాది కార్వేటినగరం, సన్నాయే మా జీవనం. పెదవి చీలిందేమో అనుకుని తుడిచేశాను. చీలలేదని నాకు తెలుసు. పొద్దున పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రగా పడడం అంతకు ముందు నుంచీ చూస్తూనే ఉన్నాను.

తోముకోవడమంటే ఏమిటో కూడా చెప్పాలి. ఇటుకపొడి వేలికి అద్దుకుని గిన్నెలు తోమినట్టు రుద్దడం, ఆ తరువాత బుగ్గన పొగాకు. తిన్నాక పుక్కిలించడం కూడా బరువే. సన్నాయి పీకను మాత్రం రోజూ శుభ్రం చేసి గుడ్డలో చుట్టి పెట్టేవాణ్ణి. నన్ను విద్వాంసుడనేవాళ్ళు, ఆ పిలుపుకు నేను పలికేవాణ్ణి.

ఆసుపత్రికి వెళ్దామని నా భార్య మునెమ్మ ఎన్నిసార్లో అడిగింది. పంటి కోసం ఆసుపత్రికి పోయేవాడు మగాడేనా అని నవ్వాను. పోయి పుత్తూరు బస్టాండులో పళ్ళపొడి అమ్మేవాడి ముందు నిలబడ్డాను. వాడికి ముందు పళ్ళు నాలుగు లేవు. వాడు మోసగాడే, సరే. ఆ నోరు చూసి కూడా పొడి కొన్నవాణ్ణి ఏమనాలి? అందులోని లవంగానికి నోరు మొద్దుబారేది, తగ్గిందనుకునేవాణ్ణి.

రెండో ఏడు చిగుళ్ళు వాచి చీము కారింది, కింది పళ్ళు కదలసాగాయి. ఒక పెళ్ళిలో ముహూర్తం వేళ పై స్థాయి అందుకోబోతే పన్ను కదిలి ఊపిరి పక్కకు పోయింది. వినకూడని శబ్దం వచ్చింది. డోలు వాయించే మా బావమరిది నావైపు చూడకుండా వాయిస్తూనే ఉన్నాడు. ఆ చూడకపోవడమే నన్ను తిరుపతి బస్సు ఎక్కించింది.

అక్కడ పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, పయోరియా అంది. నెత్తురు ఎన్నాళ్ళుగా వస్తోందని అడిగితే రెండేళ్ళని చెప్పాను.

"పన్నుకేం రోగం లేదప్పా. పన్ను నిలబడే ఎముకే కరిగిపోయినాది. అది మళ్ళా రాదు," అంది.

చిగురు మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి కింది ముందు పళ్ళు రెండు తీసేసింది. మిగిలినవాటికి మూడు విడతలుగా స్కేలింగ్ చేసి, గచ్చులా పట్టిన గారంతా గీకింది. మెత్తని బ్రష్‌తో చిగురు అంచున మెల్లగా తోమమంది, పొగాకు మానమంది. ఇంటికొచ్చి తోమితే మళ్ళీ నెత్తురు. భయపడి బ్రష్ మానేశాను, పొగాకు అందుకున్నాను. నెలకే చిగురు వాచింది.

మునెమ్మతో కలిసి తిరిగి వెళ్తే డాక్టరమ్మ నన్ను తిట్టను కూడా లేదు. మునెమ్మ వైపు తిరిగింది.

"ఈయనకు చెప్పి లాభం లేదమ్మా. నువ్వే దగ్గరుండి తోమించు," అంది. వరసలో కూర్చున్నవాళ్ళంతా విన్నారు.

మునెమ్మ నిజంగానే రోజూ పక్కన నిలబడింది. "నురగ సూపించొద్దు, మూలపండ్లు తోమినావా?" అని అడిగేది. మూడు వారాలకు నెత్తురు ఆగింది.

ఇప్పుడు ఆ తీసేసిన వాటి చోట కట్టుడు పళ్ళతో వాయిస్తున్నాను. పై స్థాయిలో ఎక్కువసేపు నిలవలేను. పెద్ద కచేరీలకు ఎవరూ పిలవరు, పిలవకపోవడం సబబే.

ఒక్కటే చెబుతాను. ఉమ్మిలో ఎరుపు కనబడితే తోమడం మానకండి. పొద్దునా, రాత్రి తిన్నాకా మెత్తని బ్రష్‌తో చిగురు అంచున తోముతూ, ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి. రోజూ కొన్ని నిమిషాల పని. దానికి బద్ధకించినవాడి మీద జాలి పడకండి. నామీద ఎవరైనా జాలిపడితే నాకు ఇప్పటికీ చిరాకే.