పందొమ్మిదేళ్ల తల

వీధిలో అందరూ అతన్ని అద్దమాయన అంటారు. కటింగ్ షాపన్నాక అద్దం ఉండదా అని అడగకండి, ఈయన సంగతి వేరు. కుర్చీలో కూర్చున్న మనిషితో ఏం మాట్లాడినా ఎదురుగా ఉన్న అద్దంలోకి చూసే మాట్లాడతాడు. బయట ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే తెల్లమొహం వేస్తాడు. అదే మనిషి వెనక్కి తిరిగితే చాలు, మెడ చూసి ఎవరో, ఏ వీధో, ఆఖరిసారి ఎప్పుడు కటింగ్ చేయించుకున్నాడో గడగడా చెప్పేస్తాడు.

చెయ్యి మంచిదే. పొగరూ తక్కువేం కాదు. ఎలా కావాలని మనిషిని అడగడం పని రానివాళ్ల లక్షణమని అతని గట్టి నమ్మకం. తల చూడగానే దానికేం కావాలో తనకి తెలిసిపోతుందట. తెల్లగుడ్డ కప్పి, మెడ దగ్గర ముడేసి, మారు మాట లేకుండా కత్తెర అందుకుంటాడు. ఇరవయ్యేళ్లుగా అలా అతని కత్తెర కిందికి వచ్చిన తలల్లో అతనికి ప్రాణంతో సమానమైనది లెక్కల మాస్టారి తల. రెండు సుడులున్న పెంకి తల అది. ఎడమ చెవి వెనక చిన్ననాటి దెబ్బ తాలూకు మచ్చ కూడా ఉంది. ఆ మచ్చ మీదికి జుట్టు ఎంత దింపాలో, ఆ సుడుల్ని ఎటు పడుకోబెట్టాలో లోకంలో తనొక్కడికే తెలుసని పందొమ్మిదేళ్లుగా మురిసిపోతున్నాడు. కొత్తవాళ్లెవరైనా వస్తే, లెక్కల మాస్టార్ని చూశారా, ఆ తల నాదే అని చెప్పుకునేవాడు.

ఆ మాస్టారు రెండు నెలలుగా షాపుకి రావడం లేదు.

మొదటి నెల, పరీక్షల రోజులు కదా, తీరిక లేదేమో అనుకున్నాడు. రెండో నెల, ఒంట్లో బాగాలేదేమో అని బెంగపడ్డాడు. పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేసే అతని భార్య, అంత బెంగగా ఉంటే ఇంటికెళ్లి చూసి రావచ్చుగా అంది. నేనెందుకు వెళ్లడం, జుట్టు పెరిగితే ఆయనే వస్తాడు అన్నాడు. అన్నాడే గానీ, తలుపు చప్పుడైన ప్రతిసారీ అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు. కొంపదీసి మందుల షాపు పక్కన కొత్తగా సెలూన్ తెరిచిన ఆవిడ దగ్గరికి గానీ పోలేదు కదా అన్న అనుమానం అప్పుడప్పుడూ పొడిచేది. ఛ, మాస్టారు అలాంటి మనిషి కాదు అని తనకు తనే సర్ది చెప్పుకునేవాడు.

ఇలా ఉండగా వాళ్ల పెళ్లిరోజు సరిగ్గా షాపు సెలవు రోజున పడింది. ఇరవై రెండో పెళ్లిరోజు. భార్య సగం రోజు సెలవు పెట్టుకుని, మధ్యాహ్నం భోజనానికి బయటికెళదామంది. ఎక్కడికో కూడా తనే చెప్పింది. సినిమా హాలు ఎదురుగా ఉన్న బర్గర్ హోటలుకి. ఆస్పత్రిలో అందరూ వెళ్లొచ్చారట, అక్కడ బర్గరుని ఎవరికి కావాల్సినట్టు వాళ్లు కట్టించుకోవచ్చట. తినేదాన్ని మనం కట్టించుకోవడమేమిటి, ఇల్లా వాకిలా అని అతను సణిగాడు. సణుగుతూనే ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

హోటల్లో ప్రతి బల్ల మీదా ఒక చీటీల కట్ట, మొద్దుబారిన పెన్సిలూ ఉన్నాయి. చీటీలో పై నుంచి కింది దాకా చిన్న చిన్న గళ్లు. బన్ను ఏ రకం, మధ్యలో ఏది, చీజ్ కావాలా వద్దా, ఉల్లిపాయ పచ్చిదా వేయించిందా, ఊరబెట్టిన దోసముక్కలు ఎన్ని, కారం ఎంత. గళ్లలో టిక్కులు కొట్టి కౌంటర్లో ఇచ్చేస్తే నంబరు రాసిన బిళ్ల ఇస్తారు. సాసులు మాత్రం గోడవారగా వరసగా పెట్టిన సీసాల్లోంచి ఎవరికి వాళ్లే వేసుకోవాలి. పొట్ట నింపుకోవడానికి ఇన్ని ప్రశ్నలా అనుకుంటూ అద్దమాయన రెండు చీటీలూ తన వైపు లాక్కున్నాడు. తనది నింపాడు. రెండోది కూడా నింపాడు. భార్యకి ఉల్లిపాయ పడదు, చీజ్ అక్కర్లేదు, కారం తక్కువ. తల కూడా ఎత్తకుండా చకచకా టిక్కులు కొట్టేసి చీటీలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అతని వైపు చూసింది. లేచి కౌంటర్ వైపు వెళ్లింది.

సరిగ్గా అప్పుడే కనపడింది ఆ మెడ.

నాలుగు బల్లల అవతల, వీపు ఇటు పెట్టి కూర్చుంది. మచ్చ ఉంది. రెండు సుడులూ ఉన్నాయి. మాస్టారే, సందేహం లేదు. పక్కన ఆయన భార్య. కానీ ఆ జుట్టు మీద నడిచిన కత్తెర తనది కాదు. మెడ మీద తను ఎప్పుడూ మెషిన్‌తో గీసే అడ్డగీత లేదు. దువ్వెన మీదే కత్తెర నడిపి, ఎక్కడ జుట్టు అయిపోయిందో ఎక్కడ చర్మం మొదలైందో తెలియనంత నునుపుగా కలిపేసిందెవరో. మచ్చని దాచనే లేదు. దాచకపోయినా అది కంటికి ఆనడం లేదు. పాపిడి కుడివైపుకి మారింది, సుడులు కిక్కురుమనకుండా పడుకున్నాయి. పని చెడిపోయి ఉంటే ఎంత బాగుండేది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అద్దమాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

భార్య బిళ్లతో తిరిగొచ్చేసరికి అతని మొహం కందగడ్డలా అయిపోయి ఉంది. ఏమైందంటే నాలుగో బల్ల వైపు గడ్డం ఎగరేశాడు. మందుల షాపు పక్కనావిడే, ఆ చెయ్యి వీధిలో ఇంకెవరిదీ కాదు, ఇలా నమ్మించి గొంతు కోస్తాడనుకోలేదు అని పళ్లు నూరాడు. ఆమె వెనక్కి తిరిగి చూసి, బాగానే ఉందిగా అంది. ఆ మాట మంట మీద నూనె పోసినట్టయింది. పెళ్లిరోజు పూట గొడవ వద్దండీ, మనం తినడానికొచ్చాం అని ఆమె చెబుతూనే ఉంది, అటు మాస్టారు సాసుల దగ్గరికి లేవడం, ఇటు అద్దమాయన లేవడం ఒకేసారి జరిగాయి.

సీసాల దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. అద్దమాయన చేతికందిన సీసా తీసుకుని కాగితపు గిన్నెలోకి పిండడం మొదలుపెట్టాడు. మాస్టారు తప్పుచేసి దొరికిపోయిన పిల్లాడిలా నవ్వి, బాగున్నావా అన్నాడు.

"మాస్టారూ, నా చేతిలో ఏం లోపం కనిపించింది?" అన్నాడు అద్దమాయన, సీసా వైపే చూస్తూ.

మాస్టారు చాలాసేపు ఆలోచించాడు. లెక్కల మనిషి కదా, నోటికొచ్చింది అనేయడు. లోపమేం లేదయ్యా అన్నాడు. ఓ రోజు వర్షంలో దారి మధ్యలో చిక్కుకుపోతే, ఆ సెలూన్ చూరు కింద నిలబడ్డాడట. లోపలికి రమ్మంటే వెళ్లాడట.

"కూర్చోగానే ఆవిడ, ఎలా కావాలి సార్ అని అడిగింది. నాకేం చెప్పాలో తోచలేదు. అప్పుడు తెలిసింది, పందొమ్మిదేళ్లుగా నన్నెవరూ అడగలేదని."

అడిగేదేముంది మాస్టారూ, మీ తల నాకు తెలియదా అన్నాడు అద్దమాయన. నీకు తెలుసు, నిజమే, కానీ నాకూ ఒక తల ఉంది కదయ్యా అన్నాడు మాస్టారు మెత్తగా. పాపిడి కుడివైపు తీయమని నాలుగేళ్ల కిందట తను ఒకసారి అడిగితే, అది మీకు నప్పదని నువ్వే అన్నావని గుర్తుచేశాడు. అద్దమాయనకి గుర్తులేదు. మాస్టారు అతని భుజం తట్టి, గిన్నె నింపుకుని వెళ్లిపోయాడు. అద్దమాయన తన గిన్నెలోకి చూసుకున్నాడు. అందులో నిండుగా పిండింది అందరూ భయపడి చుక్క మాత్రమే వేసుకునే కారం సాసు.

బల్ల దగ్గరికి వచ్చేసరికి బర్గర్లు వచ్చి ఉన్నాయి. కూర్చోవడంతోనే మొదలుపెట్టాడు. ఎలా కావాలని అడగాలట. పందొమ్మిదేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న తలని, ఎవరో వర్షం పూట అడిగిందని అప్పగించేశాడట. తెలియనివాళ్లు అడుగుతారు గానీ తెలిసినవాళ్లు అడుగుతారా. మాట్లాడుతూనే కారం సాసులో ముంచిన ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని, అవి సాసువల్లే వచ్చాయని రెండుసార్లు చెప్పాడు. భార్య నీళ్లు అందించింది.

గ్లాసు దించాక ఆమె కంచం కనపడింది. బన్నులోంచి కరిగిన చీజ్ కారుతోంది. పచ్చి ఉల్లిపాయ చక్రాలు రెండు బయటికి తొంగిచూస్తున్నాయి. వాళ్లు తప్పు కట్టారు, నువ్వుండు, వెనక్కి పంపిస్తాను అని లేవబోయాడు.

"తప్పేం కాదు. కౌంటర్ దగ్గర నా చీటీ నేను మళ్లీ రాశాను" అంది ఆమె.

నీకు ఉల్లిపాయ పడదుగా అన్నాడు. పడకపోవడం బిడ్డ కడుపులో ఉన్నప్పుడండీ, ఆ బిడ్డకిప్పుడు ఇరవయ్యేళ్లు అంది. కోపంగా అనలేదు. ఆకలిగా ఉన్న మనిషిలా ఇంకో కొరుకు కొరికి, నిదానంగా నమిలి మింగింది.

"నాలుగు బల్లల అవతల మెడ చూసి ఎవరి చెయ్యో చెప్పారు. ఇందాకట్నుంచీ నా తల మీ ఎదురుగానే ఉంది."

అద్దమాయన చూశాడు. అద్దంలో కాదు, నేరుగా చూశాడు. ఆస్పత్రిలో టోపీ కింద, ఇంట్లో క్లిప్పు కింద ఎప్పుడూ అణిగి ఉండే జుట్టు ఇవాళ విరబోసి ఉంది. కింద నాలుగు వేళ్ల మేర తగ్గింది. ముందు పాయలు రెండు చెంప ఎముక దాకా జారి ఆగాయి. చివర్లు ఎక్కడ తెగాయో తెలియనంత నునుపుగా కలిసిపోయాయి. అదే చెయ్యి. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ చెయ్యి అతను కళ్లు మూసుకుని కూడా గుర్తుపడతాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

పోయిన బుధవారం అంది. అంటే ఆరు రోజులు. ఆరు రోజులుగా ఒకే ఇంట్లో, ఒకే కంచాల వరసలో, ఒకే మంచం మీద. అతనికి తల కొట్టేసినట్టయింది.

"నన్నడిగితే నేను చెయ్యనా?"

"అడిగాను. షాపు పెట్టిన కొత్తలో అడిగాను. ఆస్పత్రిలో చేరినప్పుడు అడిగాను. పోయినేడు కూడా అడిగాను. ప్రతిసారీ సెలవు రోజు చూద్దాంలే అన్నారు."

అవును, అన్నాడు. ఇంట్లో కూడా కత్తెర పట్టుకోమంటావా అని విసుక్కున్నాడు కూడా. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ జుట్టు మీద తన దువ్వెన పడలేదు. మాస్టారి తల పోయిందని ఇందాకటి నుంచి రగిలిపోతున్నాడు గానీ, అదైనా పందొమ్మిదేళ్లు తన చేతిలో ఉండి పోయింది. దీన్ని వద్దని తోసేసింది తనే. పేరు కూడా తెలియని ఆ సెలూన్ ఆవిడ మీద అతనికి పుట్టిన అసూయ అంతా ఇంతా కాదు. ఆమె చేతిలో కత్తెర ఉన్నందుకు కాదు. తన భార్య తల పట్టుకుని ఆమె ఏదో అడిగింది, భార్య ఏదో చెప్పింది. అదేమిటో తనకి తెలియదు.

"ఆవిడ అడిగితే ఏం చెప్పావు?"

"చాలా చెప్పాను. పావుగంట పట్టింది. పాపం, అంతా విన్నది."

"నాకూ చెప్పు. ఇవాళ సెలవే కదా."

ఆమె వేళ్లు తుడుచుకుంది. "ఇప్పుడెందుకండీ, అయిపోయిందిగా. తినండి, చల్లారిపోతోంది."

అద్దమాయన కుక్కిన పేనులా కూర్చుని తిన్నాడు. కారం సాసు జోలికి పోలేదు. నాలుగు బల్లల అవతలి మెడ వైపు కూడా మళ్లీ చూడలేదు. ఆమెనే చూశాడు. ఎక్కడైనా ఒక పాయ ఎక్కువ తక్కువగా ఉందేమో అని వెతికాడు, దొరికితే ఇంటికెళ్లాక సరిచేస్తానని అనవచ్చు. దొరకలేదు. ఆ రెండు పాయల వల్ల ఆమె మొహంలో ఏదో కొత్తగా తేరుకున్నట్టుంది. నప్పింది. తను చేసి ఉంటే ఇలా చేసేవాడు కాదు.

ఆమె కంచం దాదాపు ఖాళీ అయ్యేదాకా ఆ మాట అతని నోట రాలేదు.

"బాగుంది" అన్నాడు చివరికి.

"తెలుసండీ" అంది ఆమె, మిగిలిన ఉల్లిపాయ చక్రం నోట్లో వేసుకుంటూ.