అడ్డుపలకలు

హెర్బర్ట్ ప్లాట్‌ను మా ఆఫీసులో ‘నీళ్ల ప్లాట్’ అనేవాళ్లు. లాంకషైర్‌లోని మా రైలింజన్ల కార్ఖానాలో ముప్పై ఏళ్లు అతను గీసినవన్నీ టాంకు ఇంజన్లే. వెనక వేరే నీళ్ల బండి అక్కర్లేకుండా, తమ నీళ్లు తామే మోసుకుపోయే ఇంజన్లు. పాతవాళ్లు బాయిలరు మీద జీను వేసినట్టు తొట్టి ఎక్కించేవారు. నెత్తిన బిందె పెట్టి పరిగెత్తమన్నట్టుందని ప్లాట్ వెక్కిరించేవాడు. అతని తొట్లు బాయిలరుకు రెండు పక్కలా ఉండేవి. పనిమంతుడే. అందుకే నాకు ఎక్కువ కోపం.

1911లో అతను గీసిన కొత్త ఇంజను పరీక్షలో చక్కగా నడిచింది. తొట్లు నిండుగా ఉన్నాయి మరి, నిండుకుండ తొణకదు. నెల తిరక్కుండా, సగం నీళ్లతో దిగువకు వస్తూ బ్రేకు వేస్తే, నీళ్లన్నీ ఒక్క ఉదుటున ముందుకు తోసుకుపోయి ఇంజను పట్టాలు తప్పింది. బొగ్గు వేసే మనిషి కాలు పోయింది. విప్పి చూస్తే తొట్లలో నీళ్లను ఆపే అడ్డుపలకలే లేవు.

ఆ మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు వెళ్లేసరికి ప్లాట్ ఒక్కడే ఉన్నాడు. ఆ ఇంజను గీసిన తన పాత కాగితం బల్ల మీద పరిచి అడ్డుపలకలు గీస్తున్నాడు. నాది పక్క బల్ల. కోటు తగిలించే నెపంతో గోడవైపు తిరిగాను.

మేము పెన్సిల్‌తో గీసినదాన్ని పై అంతస్తులో ఆడవాళ్లు గుడ్డ మీద సిరాతో ఎక్కించేవారు. పనివాళ్లకు ఆ నకలే ఆధారం. విచారణలో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, కాగితంలో పలకలున్నాయి, గుడ్డ మీద లేవు. ఎక్కించింది విన్నీ హాస్లమ్. శుక్రవారానికల్లా ఆమెను పంపేశారు. ఆ తర్వాత నూలు మిల్లులో చేరిందని విన్నాం.

పలకలు పెట్టాక అదే ఇంజను అరవై దాకా తయారైంది. ప్లాట్‌కు పేరొచ్చింది. నేను మాత్రం అతనితో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశాను. పాతికేళ్ల తర్వాత అతను పని విరమిస్తుంటే, ఆ పెన్సిల్ కాగితానికే అద్దం కట్టించి కానుకిచ్చారు. పుచ్చుకుని అతను దాన్ని బల్ల మీద బోర్లించాడు. మర్నాడు మా ఇంటికొచ్చి, విన్నీ దగ్గరికి తోడు రమ్మని బతిమాలాడు.

ఆమె మాకు టీ పోసింది. ప్లాట్ పటం ఆమె ముందు పెట్టి, తప్పంతా తనదేనని ఒప్పుకున్నాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని పటాన్ని చాలాసేపు చూసింది.

“ఈ నాలుగు గీతలూ గట్టి పెన్సిల్‌వి. మిగతావన్నీ మెత్తటిదానివి. నాకు ఆ రోజే తెలుసండీ.”

“మరి ఎందుకు చెప్పలేదు, విన్నీ?”

“చెప్పకేం? ఆఫీసు పెద్దాయనకు చెప్పాను. ఆయన మీ పక్క బల్లాయన్ని పిలిపించి అడిగారు.” ఆమె నా కప్పులోకి పాలు వంపింది. “ఏమీ చూడలేదన్నారు ఈయన.”

ఆ సంగతి ప్లాట్‌కు అప్పటిదాకా తెలియదు. తల తిప్పి నా వంక చూశాడు. పాతికేళ్లు అతన్ని దొంగను చూసినట్టు చూసినవాణ్ణి, సిగ్గుతో తలెత్తలేకపోయాను.