నీలవ్వ కుడిచెయ్యి, అంజన్ గడ్డి

మా బాపమ్మ నీలవ్వ గడ్డి పెంచకపోయి ఉంటే, ఆర్మూరు చుట్టుపక్కల పిల్లలకు ఈపాటికి బర్రెను పుస్తకంలో బొమ్మ చూపించి పరిచయం చేయాల్సి వచ్చేది. ఎనిమిదో తరగతి సగం దాకా చదివినదాన్ని, నా మాట నమ్మొచ్చు.

రెండు వేల మూడులో మాకున్నవి ఎకరం చెల్క, రాజి అనే బర్రె. ఏటా పసుపే వేసీ వేసీ చెల్క మట్టి బూడిదలా తేలిపోయింది. బోరులో నీళ్లు అడుగంటాయి. ఎండాకాలం మేత లేక రాజిని అంగడికి తోలాల్సి వస్తుందేమోనని బాపమ్మకు ఒకటే బెంగ. పశువుల డాక్టరు ఆమెకు అంజన్ గడ్డి దుబ్బులు ఇచ్చాడు.

"ఒక్కసారి నాటితె ఏండ్లకేండ్లు ఉంటయవ్వా. భూమి గూడ బాగైతది" అన్నాడు.

వాన పడగానే సగం చెల్కలో నాటింది. పక్క చేను భూమన్న గట్టు మీద నిలబడి పడీపడీ నవ్వాడు.

"పసుపుల గడ్డి మొలిస్తె పీకి పారేసేదానివి, ఇప్పుడు గడ్డినే నాటవడ్తివా వదినె?"

"నవ్వు, నవ్వు. ఎండకాలం నీ ఎడ్లు నా గట్టు దిక్కే జూస్తయి."

నిజానికి గడ్డికి శత్రువు భూమన్న కాదు, బాపమ్మ కుడిచెయ్యి. నలభై ఏళ్లు పసుపులో కలుపు తీసిన చెయ్యి అది. నోరు మాట్లాడుతుంటే అది తన పని తాను చేసుకుపోతుంది. భూమన్నతో ఆ ఒక్క జగడానికే పదకొండు దుబ్బులు ఊడివచ్చాయి. అప్పటినుంచి ఆమె చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన ఆఫీసరులా చెల్కలో తిరిగేది.

పూత మొదలవగానే కోసి, పసుపు ఆరబోసే కళ్లంలోనే గడ్డినీ ఆరబోసింది. పసుపు కొమ్ముల్లాగే పూటకోసారి తిరగేసింది. కళ్లంలో మిగిలిన పసుపు పొడి గడ్డికి పట్టింది. ఆ ఎండాకాలమంతా రాజి పచ్చటి మూతితో పేరంటానికి బయల్దేరినట్టు ఉండేది. అంగడికి మాత్రం పోలేదు.

నాలుగో ఏడు దుబ్బులను మిగతా సగంలోకి మార్చి, గడ్డి ఉన్నచోట దున్నించింది. నాగలి వెంట గుల్లబారిన మట్టి, వానపాములు. అక్కడ వేసిన పసుపు లావుగా ఊరింది. భూమన్న దుబ్బులు అడగడానికి వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

నిన్న గట్టు మీద కూర్చుని ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. అయిపోయేసరికి పక్కన ఒక దుబ్బు వేర్లతో సహా పడి ఉంది.

"బాపమ్మా, చెయ్యి!" అన్నాను.

ఆమె ఆ దుబ్బును నా ఒళ్లోకి విసిరింది.

"నీ సోది ఇనుకుంట కూసుంటె చెయ్యి ఊకుంటదా? గిది రాజి నోటికాడి బుక్క. నువ్వే నాటుపో."