శ్లాబుకు కొట్టిన కన్నం

మా కాలనీలో ఇంటికీ ఇంటికీ మధ్య కాస్త ఖాళీ మిగిలిందంటే అది వాస్తు సిద్ధాంతి పుణ్యమే. మున్సిపాలిటీ కూడా వదలమనే అంటుంది. ఇంత వరకే కట్టు, మిగతాది గాలికీ వెలుతురుకీ వదులు అని ప్లానులో గీతలు గీయిస్తుంది. కొత్తపేట సందుల్లో చిన్న జాగా కొన్నవాడు ఆ గీతలను ప్లాను పాసయ్యేదాకా గౌరవిస్తాడు. తర్వాత పునాది హద్దు మీదే పడుతుంది. మా నాన్న వేసిన పునాదీ అంతే.

మా దక్షిణం గోడ సరిగ్గా హద్దు మీద ఉంది. దానికో పెద్ద కిటికీ. దానికి వెలుతురు వచ్చేది మా జాగాలోంచి కాదు, పక్కింటివాళ్లు వాస్తు కోసం తమ ఉత్తరం వైపు వదిలిన సందులోంచి. వాళ్లది ఒక్క అంతస్తు ఇల్లు కాబట్టి ఎండ బాగా పడేది.

ఆ కిటికీ దగ్గరే నా భార్య మగ్గం. జాకెట్టు గుడ్డను చెక్క చట్రానికి బిగించి దాని మీద జరీ, పూసలు కుడుతుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో క్లర్కుని. బ్యాచ్ నిండితే జీతం, నిండకపోతే "వచ్చే నెల చూద్దాం". ఇల్లు నడిచేది ఆమె పని మీదే. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

పక్కింటాయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మర్యాదస్తుడు. పాత ఇల్లు పడగొట్టి హాస్టల్ మొదలుపెట్టాడు. మొదటి శ్లాబు చెక్కలు సందు దాటి మా గోడ దాకా రావడం చూసి ఆయన దగ్గరికి వెళ్లాను.

"సార్, మా కిటికీ చీకటైతది."

"అయ్యో, కింద ఖాళీ అలాగే వదిలేశానండీ. నేల మీద వదిలితే చాలు, పైన దోషం లేదన్నారు సిద్ధాంతిగారు. మీరేం కంగారుపడకండి."

నాకు నవ్వూ వచ్చింది, కడుపూ మండింది. శ్లాబు పడ్డాక పట్టపగలు మా గదిలో ట్యూబులైటు వేయాల్సి వచ్చింది.

"మున్సిపల్ ఆఫీసుల కంప్లైంట్ ఇయ్యి," అంది నా భార్య.

"ఇస్తే ముందుగాల మన గోడనే కొలుస్తరు."

"కొలవనీ. గీ గల్లీల ఎవరిది సక్కగున్నది?"

"గందుకే ఎవ్వరు ఇయ్యరు."

కానీ ఎవరో ఇచ్చారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. ఒకరోజు ఆఫీసువాళ్లు డ్రిల్లు మిషన్‌తో వచ్చి, మా కిటికీకి పైన శ్లాబుకు పెద్ద కన్నం కొట్టి, ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. మా వైపు కూల్చివేత అంటే అదే. సిమెంటు రాలుతుంది, ఇనుప చువ్వలు అలాగే ఉంటాయి.

ఆ కన్నంలోంచి మా కిటికీలోకి ఎండ పడింది. నా భార్య మగ్గాన్ని ఆ ఎండలోకి జరుపుకుంది. చువ్వల నీడ గుడ్డ మీద గళ్లుగళ్లుగా పడుతున్నా, కూనిరాగం తీస్తూ కుట్టుకుంది. పక్కవాడి శ్లాబు పగిలితే మాకు పండగ కావడం సిగ్గుగానే ఉండేది. అయినా పొద్దున్నే లేచి కన్నం ఉందో లేదో చూసేవాణ్ణి.

పక్కింటాయన మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. "కంప్లైంట్ మీరే పెట్టారటగా? ఒక్క మాట అడిగితే నేనే ఏదో ఒకటి చూసేవాణ్ణి కదండీ."

"అడిగిన గద సార్. కంప్లైంట్ మాత్రం మేమియ్యలే."

నమ్మలేదు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

కొన్నాళ్లకే వాళ్ల మేస్త్రీ వచ్చి కన్నం పూడ్చేశాడు. దాని మీద మిగతా అంతస్తులు లేచాయి. ఇప్పుడు కిటికీ తీస్తే వాళ్ల బాత్రూము పైపులు కనబడతాయి.

తెల్ల లైట్లు, పసుపు లైట్లు అన్నీ తెచ్చి బిగించాను. "గీ లైట్లకు ఆకుపచ్చ, నెమలి రంగు ఒక్కతీరే కనవడుతున్నయ్," అనేది నా భార్య. ఒక పెళ్లికూతురి జాకెట్టు మీద నెమలి సగం ఒక రంగు, సగం ఇంకో రంగు వచ్చింది. వాళ్లమ్మ దాన్ని వీధిలో ఎండకు పట్టి చూపించి, మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆర్డర్లు రాలేదు.

వెలుతురు కోసం పైన గది వేద్దామని ఇంజనీరును పిలిచాను. రూలు ప్రకారం చుట్టూ వదిలితే మగ్గం కూడా పట్టదన్నాడు. "వదలకుండ ఏద్దాం, అందరు ఏస్తలేరా?" అని కూడా అన్నాడు. నా భార్యే వద్దంది. "అటు పక్కోళ్ల వంటింటికి మన మీదికెల్లే ఎండ పోతది. మనకైనట్టే వాళ్లకైతది."

మగ్గం అటకెక్కింది. ఆమె ఎల్బీనగర్‌లో చీరల షాపులో చేరింది. పొద్దంతా లైట్ల కిందే పని. మొదట్లో ఒకరోజు ఎట్లుందని అడిగాను.

"కాళ్లు గుంజుతున్నయ్," అంది. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని కూర్చుంది. "చీర రంగు మీద డౌటొస్తే కస్టమర్లను బయటికి తోల్కపోయి ఎండల చూపియ్యాలె. గప్పుడు జర ఎండ తగుల్తది. ఇంట్ల అది గూడ లేదు గద."