పడవకు తాపిన నీళ్లు

అశోక్‌నగర్‌లో నేను కిరాయికున్న ఇంటి పెరట్లో, రేకుల కింద ఒక చెక్క పడవ బోర్లించి ఉండేది. పొడవు పద్నాలుగు అడుగులు. టేకు పలకలు, రాగి మేకులు. ఒకప్పుడు ఇంటి యజమానురాలు, ఆమె భర్త ఆదివారాలు దాన్ని హుస్సేన్ సాగర్‌లో నడిపేవారు. ఆయనకు మోకాళ్లు పట్టేశాక ఇంటికి తెచ్చి పెట్టారు. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

తొంభైల మధ్యనాటి మాట. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ముగించి, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ మేడ మీది గదిలో ఉండేవాణ్ణి. ఒకరోజు ఇంటి అమ్మగారు నన్ను పెరట్లోకి పిలిచి పడవ చూపించారు.

"దసరా తర్వాత ఇల్లు అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లకు అప్పజెబుతున్నాను బాబూ. ఈలోగా దీన్ని నీళ్ల మీదికి తీసుకెళ్లగలవా?"

ఎందుకని అడిగాను.

"ఇరవై ఏళ్లు ముందు కూర్చుని చిన్న తెరచాప తాడు పట్టుకున్నాను. ఆయన చుక్కాని ఒక్కసారి కూడా నా చేతికివ్వలేదు. మళ్లించడం నీ వల్ల కాదు, మునుగుతాం అనేవారు. నా వల్ల అవునో కాదో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. అది తెలుసుకోవాలి."

వినాయక నిమజ్జనానికి ముందే పడవ దించాలని కూడా అన్నారు. ఆ తర్వాత ఒడ్డు పొడుగునా నీళ్ల కింద విగ్రహాల కర్రలు, ఇనుప చువ్వలు ఉంటాయి.

మర్నాడు పడవను ముక్కు నుంచి వెనక దాకా తడిమి చూశాను. వెనక పలక కింది అంచు పుచ్చింది. లోపలి పక్కటెముకల్లాంటి చెక్క కమ్మీల్లో రెండు విరిగాయి. తెరచాప కొయ్య బాగానే ఉంది. నూలు తెరచాపలను ఎలుకలు కొట్టాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు పలకల మధ్య సందులు. ఇన్నేళ్ల ఎండలకు చెక్క ముడుచుకుపోయి, వెలుతురు ఇటు నుంచి అటు కనబడుతోంది.

నారాయణగూడలో కర్రల డిపో నుంచి పాత ద్వారబంధం టేకు తెచ్చి వెనక పలక అంచు మార్చాను. కమ్మీలు కొత్తవి వేశాను. పాత రంగు గీకాను. సందుల్లోకి నూలు పోగులు దట్టించి, సుద్దపొడి, అవిసె నూనె కలిపిన లప్పం నింపబోతుంటే అమ్మగారు ఆపారు.

"నిండా పెట్టకు. చెక్క నీళ్లు తాగితే ఉబ్బుతుంది. అప్పుడు చోటు లేకపోతే కమ్మీలు విరిగిపోతాయి. ముందు దానికి నీళ్లు తాపాలి."

ఆలోచిస్తే ఆమె మాట నిజమే. కానీ వేసవిలో ఆ వీధికి నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. పడవను వెల్లకిలా తిప్పి, కింద దిమ్మెలు పేర్చి, లోపల గోనె సంచులు పరిచి రెండు బిందెలు పోశాను. నీళ్లన్నీ సందుల్లోంచి కారి కరివేపాకు చెట్టు మొదట్లోకి పోయాయి.

పెరటి గదిలో పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ, అతని భార్య ఉండేవారు. ఆమె నడుం మీద ఖాళీ బిందెతో వచ్చి నిలబడింది.

"ఏందమ్మా ఇది? మనుషులు తాగనీకె నీళ్లు లేవు. నువ్వు కర్రకు తాపుతున్నవ్!"

"తాగకపోతే అది పనికి రాదే," అన్నారు అమ్మగారు.

"పనికి రాకుంటే పొయిల పెడ్త. నాలుగు దినాలు బువ్వ ఉడుకుతది."

నాకు నవ్వొచ్చింది. అమ్మగారు నవ్వలేదు. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, నాకు చెప్పిందే ఆమెకూ చెప్పారు. మేస్త్రీ భార్య వింటూ పడవ అంచు గోటితో గీకింది.

"మా ఇంటాయన గూడ గంతే. సైకిల్ పట్టుకోనియ్యడు. పడ్తవంటడు."

"అయితే ఏం చేద్దామే?"

"మంచినీళ్లు మాత్రం పొయ్యనియ్య. ముందే చెప్తున్న."

అప్పటి నుంచి ఆ ఇంట్లో వాడిన నీళ్లు మోరీలోకి పోవడం ఆగింది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగినవి, బట్టలు రెండోసారి జాడించినవి అన్నీ పడవలోకే. ముందు వాటాలోని గుమస్తా గారు స్నానం బకెట్‌లో మిగిలిన నీళ్లు తెచ్చి, గోనె సంచుల మీద అభిషేకంలా పోసి వెళ్లేవారు. పొద్దున ఎవరైనా మరిచిపోతే మేస్త్రీ భార్య కేకేసేది, "పడవకు తాపిన్రా లేదా?" అని. నేను కారే చోట్లకు సుద్దతో గీత పెట్టుకుంటూ పోయాను. ధారలు చుక్కలయ్యాయి. చుక్కలు చెమ్మయ్యాయి. పెరడంతా గంజి వాసన. నీళ్లు ఒంపేసి, పైతడి ఆరగానే, చెక్క మళ్లీ ముడుచుకోకముందే కింద తారు పూశాం.

తెరచాపకు మాసికలు వేయడానికి మందపాటి గుడ్డ కోసం సుల్తాన్ బజార్ వెళ్లాను.

"షామియానాకా అన్నా?" అన్నాడు కొట్టతను.

"పడవకు."

"పడవనా? హైదరాబాద్‌కు సముద్రం ఎప్పుడొచ్చిందే?"

చిక్కడపల్లి సందులో రిక్షా టాపులు కుట్టే దర్జీ ఆ మాసికలు వేశాడు. అతను మాత్రం ఏమీ అడగలేదు. కుట్టు పూర్తయ్యాక గుడ్డను రెండు చేతులతో లాగి చూసి ఇచ్చాడు.

ఒక ఆదివారం పొద్దున్నే పడవను డీసీఎం వ్యాన్‌లో వేసుకుని, దోమలగూడ మీదుగా చెరువుకు పోయాం. మేస్త్రీ దంపతులూ వచ్చారు. అమ్మగారు ఒడ్డున నిలబడి నీళ్ల మధ్య బుద్ధుడి విగ్రహాన్ని చాలాసేపు చూశారు. వాళ్లు పడవ నడిపిన రోజుల్లో అక్కడ నీళ్లే తప్ప ఏమీ లేవు.

ఆమె వెనక కూర్చుని చుక్కాని పిడి పట్టుకున్నారు. నేను ముందు కూర్చుని చిన్న తెరచాప తాడు పట్టుకున్నాను. పడవ కదిలింది. ఒక సందులోంచి కొంచెం నీరు వస్తోంది గాని, చెంబుతో తోడుకోగలిగినంతే.

గాలికి ఎదురుగా పోవాలంటే పడవ అటు కొంత, ఇటు కొంత వంకరగా పోవాలి. మళ్లించడమంటే ముక్కును గాలికి అడ్డంగా దాటించడం. అమ్మగారు పిడి నెట్టారు. ముక్కు గాలికి ఎదురుగా వచ్చి నిలిచిపోయింది. తెరచాపలు పటపటా కొట్టుకున్నాయి. పడవ వెనక్కి జారింది. మళ్లీ వేగం తెచ్చుకుని మళ్లీ నెట్టారు. మళ్లీ అంతే.

"కాదేమో బాబూ," అన్నారు. ఆ గొంతు నేనంతకు ముందు వినలేదు.

నేను ఆమె చేతిలోని పిడినే చూస్తున్నాను, తప్పు అక్కడే ఉందన్నట్టు. ఆమె మాత్రం నా చేతుల వంక చూశారు.

"నువ్వు తాడు ముందే వదిలేస్తున్నావు. నేనెప్పుడూ వదిలేదాన్ని కాదు. ముక్కు దాటేదాకా బిగబట్టి ఉంచేదాన్ని."

మూడోసారి నేను తాడు వదల్లేదు. ముక్కు గాలికి ఎదురుగా వచ్చి నిలిచినప్పుడు, బిగిసి ఉన్న చిన్న తెరచాప అవతలి వైపు నుంచి గాలి పట్టి, ముక్కును మెల్లగా పక్కకు తోసింది. అప్పుడు వదిలి, ఇటువైపు లాగాను. పడవ మళ్లింది. పెద్ద తెరచాప నిండింది.

విగ్రహం దాటి అవతలికి పోయాం. ఒడ్డుకు తిరిగొచ్చాక మేస్త్రీ భార్య చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి వచ్చింది.

"అయిందా అమ్మా? తిప్పినవా?"

"తిప్పాను," అన్నారు అమ్మగారు. తర్వాత నా వైపు తిరిగారు. "లేచి వెనక్కి రా బాబూ. ఇంకోసారి వెళ్దాం. నువ్వు పిడి పట్టు. నేను ముందు కూర్చుంటా."

"మీరే పట్టుకోండమ్మగారూ, ఇప్పుడు వచ్చింది కదా."

"అది చూశాను. ఆ ఇరవై ఏళ్లూ పడవను తిప్పింది ఆయన పిడో, నా తాడో, అదీ చూడాలి."

ఆమె వంగి, తెరచాప కింద నుంచి ముందుకు వెళ్లి కూర్చున్నారు. తాడును అరచేతికి ఒక చుట్టు చుట్టుకున్నారు. మేస్త్రీ భార్య పడవను నీళ్లలోకి నెట్టింది.